లెక్కలయ్యాక కాసేపు కూర్చోండి



శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊరైనా తీసుకోండి. నెలలో ఒకటి రెండు రాత్రులు, వంటలై పిల్లలకు అన్నాలు పెట్టడం అయ్యాక, ఎవరో ఒకరింటి అరుగు మీదో, రామాలయం గచ్చు మీదో చాపలు పడతాయి. పదిమందో పన్నెండుమందో ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుంటారు. మధ్యలో ఒక రిజిస్టరు, పక్కన పాసుపుస్తకాల కట్ట. పొదుపు డబ్బు లెక్కపెడతారు, కిస్తీలు కడతారు, సంతకాలు పెడతారు. ఇది పొదుపు సంఘం మీటింగు. ఈ మీటింగు గురించి ఎవరు మాట్లాడినా డబ్బు లెక్కే చెబుతారు. పొదుపు ఎంత, బ్యాంకు అప్పు ఎంత, ఎవరు ఆవు కొన్నారు, ఎవరు కుట్టుమిషను కొన్నారు అని. నేను ఈ పూట ఆ లెక్క చెప్పబోవడం లేదు. పుస్తకం మూసేశాక, చాప మీంచి లేచే ముందు, వాళ్లు ఒక పావుగంటో అరగంటో కష్టసుఖాలు చెప్పుకుంటారు చూడండి, దాని గురించి మాట్లాడతాను. మన రెండు జిల్లాల్లో సంఘాలను ఇన్నేళ్లు నిలబెట్టింది ఆ అరగంటేనని నా గట్టి నమ్మకం. మాటలు మానేసిన తోటికోడళ్లు మళ్లీ మాట్లాడుకున్నది అక్కడ. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని బెంగ మొదటిసారి నోటి బయటికి వచ్చింది అక్కడ. ఇప్పుడు ఆ అరగంటే కరిగిపోతోంది. నా బాధ అది.

కలిసి కూర్చుని చెప్పుకోవడం మనకు సంఘాలు నేర్పిన విద్య కాదు. ఉభాల కాలంలో వరసగా వంగి నాట్లు వేసే ఆడవాళ్ల చేతులు మడిలో ఉంటాయి, మాట మాత్రం స్వేచ్ఛగా ఉంటుంది. పొందూరులో సన్న ఖద్దరు కోసం వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసే ముసలమ్మలను చూడండి. పలాసలో జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే వాళ్లను చూడండి. చూపు పని మీద ఉంటుంది, ఎదుటి మనిషి కళ్లలోకి చూడాల్సిన అవసరం ఉండదు. చెప్పలేని మాట అలాంటప్పుడే సులువుగా జారుతుంది. మన ప్రాంతంలో నేస్తరికం అనే కట్టుబాటు కూడా ఉంది. ఇద్దరు మనుషులు పదిమంది ఎదుట నేస్తం కట్టుకుంటే ఆనాటి నుంచి వాళ్ల కుటుంబాలు చుట్టాలైపోతాయి. ఒకరింటి పెళ్లి, ఒకరింటి చావు రెండో ఇంటివి కూడా అవుతాయి. రక్తసంబంధం లేకుండానే మనిషికి మనిషి తోడు కాగలడని మన పెద్దవాళ్లకు బాగా తెలుసు.

అయితే ఆ పాత కూడికల్లో ఒక లోటు ఉంది. నాట్ల వరసలో గట్టి గొంతు ఉన్నవాళ్ల మాటే చెల్లుతుంది. రచ్చబండ దగ్గర మగవాళ్లు, అందులోనూ భూమి ఉన్నవాళ్లు మాట్లాడితే మిగతావాళ్లు వింటారు. నిన్న కాపురానికి వచ్చిన కోడలికి, ఊరి చివరి గూడెం మనిషికి, మొగుడు వదిలేసిన ఆడదానికి అక్కడ నోరు లేదు. సంఘం తెచ్చిన కొత్తదనం చాలా చిన్నది. ఒక తేదీ, ఒక చోటు, ఒక వంతు. ఫలానా రోజు మీటింగు ఉంటుందని ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి అత్త అడ్డుపడదు. చోటు గుండ్రంగా ఉంటుంది కాబట్టి ముందు వరస, వెనక వరస ఉండవు. వంతు ఉంది కాబట్టి నోరు లేని మనిషి కూడా ఏదో ఒకటి పలకాలి.

1982లో కేంద్ర ప్రభుత్వం గ్రామీణ ప్రాంతాల స్త్రీలు, పిల్లల కోసం డ్వాక్రా పథకం మొదలుపెట్టింది. ఆ పేరు ఎంత నాటుకుపోయిందంటే, పథకం పేర్లు ఎన్ని మారినా ఇప్పటికీ మన ఊళ్లలో అవి డ్వాక్రా సంఘాలే. 1992లో గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు 500 సంఘాలను బ్యాంకులకు ముడిపెట్టే ప్రయోగం చేసింది. 2000లో ప్రపంచ బ్యాంకు సాయంతో వెలుగు పథకం వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో బాగా వెనకబడ్డాయని మొదట ఎంచుకున్న ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. మిగతా నాలుగూ ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, అనంతపురం, చిత్తూరు. తర్వాత అది ఇందిర క్రాంతి పథం అయింది, ఇంకా ఏవేవో అయింది. మన వాళ్లకు మాత్రం మండల కేంద్రంలో ఉన్నది వెలుగు ఆఫీసే.

ఆ వెలుగు రోజుల్లో సంఘాలు కట్టించిన పద్ధతిని కాస్త నెమ్మదిగా చెప్పాలి. ఒక ఊళ్లో సంఘం పెట్టాలంటే ముందు ఆఫీసరు జీపులో వచ్చి ఉపన్యాసం ఇచ్చేవాడు. జనం విని, తలూపి, వెళ్లిపోయేవారు. దాని బదులు, అప్పటికే సంఘంలో నిలదొక్కుకున్న ఆడవాళ్లను వేరే ఊరికి పంపడం మొదలుపెట్టారు. వాళ్లను సీఆర్‌పీలు, అంటే కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లు, అన్నారు. ఇద్దరు ముగ్గురు జట్టుగా వచ్చి, రెండు వారాల పాటు ఆ ఊళ్లోనే ఉండి, ఊరివాళ్లు పెట్టింది తిని, రాత్రి చాప మీద కూర్చుని తమ కథ చెప్పేవారు. సంఘం గొప్పతనం గురించి ఉపన్యాసం చెప్పేవారు కాదు. ఒక్కొక్కరూ తన పెళ్లి ఏ వయసులో అయిందో, అప్పు ఎలా నెత్తిన పడిందో, మొగుడు ఎలా కొట్టేవాడో, పిల్లాడు జ్వరంతో ఉంటే పది రూపాయల కోసం ఎవరి గుమ్మంలో నిలబడిందో చెప్పేవారు. చదువు రాని మనిషి తన బతుకును తెలియని ఊళ్లో, తెలియని ఆడవాళ్ల ముందు విప్పి పెడుతుంటే, వింటున్న వాళ్లలో ఒకామె కొంగుతో కళ్లు తుడుచుకుని ‘నా బతుకూ ఇంతేనప్పా’ అనేది. సంఘం పుట్టేది ఆ క్షణంలోనే. రిజిస్ట్రేషను, బ్యాంకు ఖాతా తర్వాతి పనులు. 2011లో దేశమంతటికీ గ్రామీణ జీవనోపాధుల మిషను వచ్చినప్పుడు ఈ పద్ధతి దానికి నమూనా అయింది. తెలుగు ఆడవాళ్లు భాష తెలియని బీహారు ఊళ్లకు కూడా వెళ్లి, వచ్చీరాని మాటలతో తమ కథ చెప్పి సంఘాలు కట్టించారు. మన పల్లెటూరి మనిషి చేసిన ఈ పనికి దక్కాల్సినంత పేరు దక్కలేదు.

మీటింగు మొదలయ్యే తీరు కూడా గమనించదగ్గది. ఒక ప్రార్థన, తర్వాత ఒక్కొక్కరూ లేచి పేరు చెప్పుకోవడం. పట్నంలో వాళ్లకు ఇదేం పెద్ద విషయం అనిపిస్తుంది. పెళ్లయిన నాటి నుంచి ఫలానా వాడి పెళ్లాంగా, ఫలానా గుంటడి తల్లిగా, ఫలానా ఊరి ఆడపడుచుగా తప్ప పిలుపు లేని మనిషి, ముప్పై ఏళ్ల తర్వాత పదిమందిలో నిలబడి తన పేరు తానే పలకాలి. మొదటి నెలల్లో చాలామంది తల వంచుకుని, పక్కామె చేత చెప్పించుకునేవారు. ఆరేడు మీటింగులు గడిచేసరికి పేరుతో పాటు ఊరు, ఇంటి సంగతి, ఎంతమంది పిల్లలు అన్నీ గడగడా చెప్పేసేవారు. అలా గొంతు పెగిలాక మిగతాది ఆపడం ఎవరి తరం?

ఇక లెక్కలయ్యాక జరిగేది. నేను కూర్చున్న మీటింగుల్లో బాగా నడిచేవన్నీ ఒకే తీరులో ఉండేవి. సంఘం లీడరు అడిగేది ఒకే ప్రశ్న: ‘ఏటి సంగతులు? ఎవులింటికాడ ఏటి కష్టం?’ కుడి వైపు నుంచి వంతులు మొదలయ్యేవి. చెప్పడానికి ఏమీ లేకపోతే ‘అంతా బాగానే ఉంది’ అని వంతు దాటించవచ్చు. ఎవరూ గుచ్చి అడగరు. ఒకరు చెబుతున్నప్పుడు మధ్యలో ఎవరైనా అందుకుంటే ‘మాటాడనీండే దాన్ని’ అని లీడరు ఆపుతుంది. చెప్పడం అయ్యాక వెంటనే సలహాలు కురవవు. ఇది అన్నిటికన్నా కష్టమైన నియమం. మనకు ఎదుటివాళ్ల కష్టం వినగానే మందు చెప్పెయ్యాలని నాలుక దురద పెడుతుంది. ‘ఓర్చుకోవాలమ్మా’, ‘నువ్వలా అనకుండా ఉండాల్సింది’, ‘మా అమ్మాయికీ ఇలాగే అయితే మేం ఏం చేశామంటే’. ఆ మాటలన్నీ చెప్పుకున్న మనిషి నోరు మూయిస్తాయి. సలహా ఆమె అడిగినప్పుడు ఇవ్వాలి. అడగకపోతే, విన్నామని తెలిసేలా ఆమె పక్కన ఇంకాసేపు కూర్చుంటే చాలు.

ఇంత చిన్న పనితో సంబంధాలు ఎలా బాగుపడతాయని మీరు అడగవచ్చు. చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అని మన సామెత. మన ఇళ్లలో గొడవలు చాలావరకు ఈ రెంటి మధ్య నలుగుతాయి. కొడుకు తాగొచ్చి తల్లి మీద చెయ్యి చేసుకున్నాడు. ఆమె ఎవరికి చెబుతుంది? చెబితే కొడుకు పరువు. చెప్పకుండా ఉంటే ఆ కోపం కోడలి మీదికి మళ్లుతుంది. నీవల్లే వాడిలా అయ్యాడు అంటుంది. కోడలు తన పిల్లల మీద విసుక్కుంటుంది. కష్టం ఒకటి, దాన్ని దాచడం వల్ల పుట్టే కష్టాలు నాలుగు. చాప మీద వంతు వచ్చినప్పుడు ఆ తల్లి నోరు విప్పితే, ఆమెకు మొదట తెలిసేది ఇలాంటి ఇల్లు తనదొక్కటే కాదని. ఎదురుగా కూర్చున్న ముగ్గురి కళ్లలో అదే నీరు. ఆ రాత్రి ఇంటికెళ్లాక ఆమె కోడల్ని అనే మాట కాస్త మారుతుంది.

అత్తాకోడళ్ల మధ్య ఇంకో రకంగా కూడా పని చేస్తుంది. అత్త ఒక సంఘంలో, కోడలు వేరే సంఘంలో ఉండటం మన ఊళ్లలో మామూలే. అత్త కూర్చున్న చాప మీద వేరే ఇంటి కోడలు తన గోడు చెప్పుకుంటుంది. రోజంతా కూలికెళ్లి వచ్చి, వంట చేసి, అందరూ తిన్నాక అడుగు మిగిలిన గంజి తాగి పడుకుంటానని చెబుతుంది. తన కోడలే ఆ మాట అని ఉంటే ఈ అత్త ఇల్లెగిరిపోయేలా అరిచేది. పరాయి పిల్ల నోట వింటే కోపానికి చోటు లేదు. విని ఇంటికెళ్లి, కుండలో ఎంత ఉందో చూసి అన్నం వడ్డిస్తుంది. ఎవరూ ఆమెను తప్పుపట్టలేదు, ఎవరూ తీర్పు చెప్పలేదు. ఎదుటివారి కథలో మన తప్పు మనకు కనబడితే దాన్ని దిద్దుకోవడానికి అభిమానం అడ్డురాదు. పంచాయితీలో పెద్దమనిషి వేలు చూపించి చెబితే దిద్దుకునేవాళ్లు ఎందరుంటారు?

మాట బయటికి పొక్కకపోవడం దీనికి ప్రాణం. ఇంటిగుట్టు సంఘంలో చెబితే తెల్లారేసరికి బోరింగు దగ్గర వినబడితే ఇంకెవరూ నోరు తెరవరు. గట్టి సంఘాల్లో దీనికి కట్టుబాటు ఉండేది. మాట మోసిన మనిషిని మీటింగులోనే నిలదీసేవారు. ఒక్కసారి నిలదీస్తే ఆ సంఘంలో చాలా ఏళ్లు గుట్టు నిలుస్తుంది.

అలా కూర్చుని చెప్పుకున్న మాట ఒక్కొక్కసారి ఊరిని దాటి రాష్ట్రాన్నే కదిలిస్తుంది. నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో అక్షరదీపం పేరుతో రాత్రి చదువులు నడిచాయి. అక్షరాలు దిద్దుకోవడానికి చేరిన ఆడవాళ్లు వాచకంలో సారా మీద ఉన్న పాఠం చదివి, తమ ఇళ్ల సంగతి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. పాఠం పక్కకు పోయింది, మాటలు ముందుకొచ్చాయి. 1992లో దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు సారా అంగడిని మూయించారు. ఆ కథ తర్వాతి వాచకాల్లోకి ఎక్కి, వేరే ఊళ్ల రాత్రిబళ్లలో చర్చకు వచ్చి, ఊరి నుంచి ఊరికి అంటుకుంది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం రెండేళ్లు దాటి ఎక్కువ కాలం నిలవలేదు. అది వేరే కథ, దుఃఖం కలిగించే కథ. కానీ ఆ ఉద్యమానికి నాయకుడు, పార్టీ, కార్యాలయం ఏమీ లేకుండా మొదటి అడుగు వేయించింది మాత్రం లాంతరు చుట్టూ కూర్చుని ఒకరి తర్వాత ఒకరు ‘మా ఇంట్లోనూ అంతే’ అనుకోవడమే. నెల్లూరు ఆడవాళ్లు రోజుకో రూపాయి పొదుపు మొదలుపెట్టింది కూడా ఆ వేడిలోనే.

మాటలకు ఇంత బలం ఉందా, కొలిచారా ఎవరైనా అంటే, కొలిచారు. మన ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. ఆ ఒడిశాలోని కియోంఝర్, ఝార్ఖండ్‌లోని పశ్చిమ సింగ్‌భూమ్, సరాయికెలా ఖర్సావాన్ జిల్లాల్లో ఏక్‌జుట్ అనే సంస్థ 2005 నుంచి మూడేళ్లు ఆదివాసీ పల్లెల్లో ఆడవాళ్లను నెలనెలా కూర్చోబెట్టింది. మందులు పంచలేదు. బొమ్మల కార్డులు, కథలు, ఆటలతో కాన్పుల గురించి, పసిబిడ్డల చావుల గురించి వాళ్లచేతనే మాట్లాడించింది. ఏం చేయాలో వాళ్లే తేల్చుకున్నారు. నడిపింది కూడా ఆ ప్రాంతం ఆడవాళ్లే. 2010లో లాన్సెట్ వైద్యపత్రికలో ఫలితాలు అచ్చయ్యాయి. సంఘాలు కూర్చున్న ప్రాంతాల్లో, పుట్టిన నెల లోపు బిడ్డలు చనిపోవడం మిగతాచోట్ల కంటే 32 శాతం తక్కువగా ఉంది. ఇంకో సంగతి నన్ను ఎక్కువ కదిలించింది. మూడో ఏడాదికి బాలింతల్లో ఒక మోస్తరు మనోవ్యాకులత 57 శాతం తక్కువగా కనబడింది. వాళ్లు మనసు గురించి మీటింగులు పెట్టలేదు. బిడ్డల గురించి మాట్లాడుకోవడానికి కూర్చున్నారు. మనసు దానంతట అది తేరుకుంది. సీతంపేట కొండల్లో సవర పల్లెల్లో, గుమ్మలక్ష్మీపురం వైపు జాతాపు గూడేల్లో బాలింతలను ఇలా నెలకోసారి కూర్చోబెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? చాప, దీపం, నడిపించే ఒక మనిషి.

ఇంతవరకు మంచే చెప్పాను. ఇదే వలయం మనిషిని గాయపరచగలదు కూడా. దాని గురించి మాట్లాడకపోతే ఈ ప్రసంగం అబద్ధం అవుతుంది.

2000 దాటాక ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు మన పల్లెలకు వచ్చాయి. వాళ్లూ ఆడవాళ్లను గుండ్రంగానే కూర్చోబెట్టారు. వారం వారం మీటింగు అన్నారు. కానీ అక్కడ వంతు మాట్లాడటానికి లేదు, కట్టడానికే ఉంది. ఒక్కరు కిస్తీ తేలేకపోతే మిగతావాళ్లంతా అక్కడే కూర్చోవాలి. గంటలు గడుస్తుంటే పొయ్యి మీద అన్నం, పాలకు ఏడ్చే బిడ్డ గుర్తొచ్చి, స్నేహితురాళ్లే ఆ కట్టలేని మనిషి ఇంటి ముందు నిలబడి తిట్టేవారు. ఆత్మహత్యలు జరిగాయి. 2010 అక్టోబరులో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ వసూళ్లకు అడ్డుకట్ట వేసింది. నేను అప్పటి నుంచి ఒకటే అనుకుంటూ ఉన్నాను. కూర్చున్న తీరు ఒకటే, మనుషులు కూడా వాళ్లే. అడిగిన ప్రశ్న ‘ఎవరికి ఏటి కష్టం’ అయితే చుట్టరికం పెరిగింది, ‘ఎవరు బాకీ’ అయితే విరిగింది. మన సొంత సంఘాల్లోనూ ఈ రెండో ప్రశ్న మొదటిదాన్ని మింగేస్తున్న రోజులివి.

రెండో గాయం ఇంకా సున్నితమైనది. మండలంలోని సంఘాలన్నీ కలిసిన వెలుగు మండల సమాఖ్యల్లో సాంఘిక కార్యాచరణ కమిటీలు ఉండేవి, కుటుంబ సలహా కేంద్రాలు నడిపేవి. అనుభవం ఉన్న ఆడవాళ్లు మొగుడు పెళ్లాలను పిలిపించి, ఇద్దరి మాటా విని, ఎన్నో కాపురాలు నిలబెట్టారు. వాళ్లంటే నాకు గౌరవం. కానీ కాపురం నిలబడటమే గెలుపు అనుకున్నప్పుడు పొరపాటు జరుగుతుంది. దెబ్బలు తిని, కన్ను వాచి వచ్చిన పిల్లను గుండ్రంగా కూర్చోబెట్టి, ‘ఆడదానివి, నువ్వే సర్దుకోవాలి’ అని అందరూ కలిసి చెబితే, అది ఆమె చుట్టూ కట్టిన గోడ. ఇంట్లో ఒకడు కొడితే ఇక్కడ పదిమంది కొట్టినట్టు. గృహహింస నుంచి రక్షణ చట్టం 2005లో వచ్చి, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. దెబ్బ, బెదిరింపు ఉన్నచోట సంఘం చేయాల్సింది రాజీ కుదర్చడం కాదు. ఆమెను ఆ రాత్రి సురక్షితమైన చోట పడుకోబెట్టి, తెల్లారాక ఆమెతో పాటు నలుగురు కలిసి పోలీసుల దగ్గరకో, రక్షణాధికారి దగ్గరకో వెళ్లడం. మాటతో మానేవి మనస్పర్థలు. హింసకు మాట మందు కాదు.

ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. ఒక కులం వాళ్లు ఒక సంఘం, ఇంకో కులం వాళ్లు వేరే సంఘం అనేది మన ఊళ్లలో చాలాచోట్ల ఉన్న మాటే. గ్రామ సమాఖ్యలో మాత్రం అన్ని సంఘాల లీడర్లూ ఒకే చాప మీద కూర్చోవాలి. మొదట్లో అక్కడ టీ గ్లాసులు తీసుకోవడానికి వెనకాడిన చేతులు ఉన్నాయి. నెల నెలా కూర్చుని, ఒకరి పిల్ల పురిటికి ఇంకొకరు ఆస్పత్రికి తోడు వెళ్లాక ఆ వెనకాడటం కొన్ని ఊళ్లలో పోయింది. అన్ని ఊళ్లలో పోయిందని చెప్పలేను. అందుకే గ్రామ సమాఖ్య మీటింగు సభ్యుల సంతకాల కోసం ఇల్లిల్లూ పుస్తకం తిప్పి ముగించేది కాకూడదు.

ఇక మగవాళ్లు. ఇది నేను చాలాకాలంగా అడగాలనుకుంటున్న ప్రశ్న. మన రెండు జిల్లాల నుంచి మగవాళ్లు బిల్డింగు పనులకు విజయవాడ, హైదరాబాదు, చెన్నై వెళ్తారు. సముద్రం ఒడ్డు ఊళ్ల నుంచి చేపల వేటకు గుజరాత్ దాకా వెళ్తారు. 2018 చివర్లో అలా వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు పాకిస్తాన్ చేతికి చిక్కారు. ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉండి, 2020 జనవరి 6న ఇరవై మంది వాఘా సరిహద్దు దాటి వచ్చారు. ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం లాంటి ఊళ్లలో వాళ్ల భార్యలు కలిసి తిరిగారు, కలిసి అర్జీలు పెట్టారు. ఒకరికొకరు తోడయ్యారు. తిరిగొచ్చిన మగవాళ్లు ఆ జైలు రోజుల గురించి ఎక్కడ కూర్చుని చెప్పుకోవాలి? పత్రికల వాళ్లకు ఒకసారి చెప్పారు. తర్వాత? నెలల తరబడి పరాయి ఊళ్లో రేకుల షెడ్డులో పడుకుని, పండక్కి ఇంటికొచ్చిన మనిషిని తన పిల్లలే కొత్తగా చూస్తారు. ఆ బాధ చెప్పుకునే చోటు మన ఊళ్లలో మగవాడికి ఏది? మందు షాపు వెనక రేకుల కప్పు ఒక్కటే. అక్కడ తాగాక తప్ప మనసు విప్పకూడదు అన్నది చెప్పని నియమం. తాగాక చెప్పింది తెల్లారితే చెప్పినవాడికే గుర్తుండదు.

మగవాళ్లు ఇలాంటివాటికి రారు అనేవాళ్లకు ఉగాండా సంగతి చెబుతాను. 2002లో ఆ దేశపు నైరుతి మూలన మసాకా, రకాయి జిల్లాల్లో, ఎయిడ్సుతో ఇంటికొకరు పోయిన ఊళ్లలో, దిగులుతో కుంగిపోయిన వాళ్లకు వారానికోసారి గుంపు మీటింగులు పెట్టారు. మగవాళ్లకు వేరే, ఆడవాళ్లకు వేరే. నడిపింది డాక్టర్లు కాదు, కొద్దిరోజుల శిక్షణ తీసుకున్న అక్కడి మామూలు మనుషులు. పదహారు వారాలు. మగవాళ్లు వచ్చారు, మాట్లాడారు, తేరుకున్నారు. మీటింగులు లేని ఊళ్లతో పోల్చి చూస్తే తేడా చాలా పెద్దదిగా కనబడింది. మనకు ఆ లోకం అంత దూరమేం కాదు. ఉద్దానంలో మగవాళ్లను కూర్చోబెట్టడానికి ఎవరూ పిలవక్కర్లేదు, జబ్బే కూర్చోబెట్టింది.

ఉద్దానంలోని కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఇల్లిల్లూ తిరుగుతోంది. ఎందుకు వస్తోందో ఇన్నేళ్ల పరిశోధన తర్వాత కూడా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆస్పత్రి తెరిచారు. డయాలసిస్ అంటే ఒక్కో విడత దాదాపు నాలుగు గంటలు, వారానికి రెండు మూడుసార్లు, అదే మంచాల వరస, అవే ముఖాలు. పొలం పని చేసుకునే మనిషి, నిన్నటిదాకా కొబ్బరిచెట్టు ఎక్కిన మనిషి, ఇప్పుడు చెయ్యి కదపకుండా పడుకుని పైకప్పు చూస్తాడు. బయట బెంచీ మీద అతని భార్య, ఆటో డబ్బులు, నీళ్ల సీసా, రిపోర్టుల కవరు పట్టుకుని కూర్చుని ఉంటుంది. ఆ బెంచీ మీద అలాంటివాళ్లే ఇంకో పదిమంది. నాలుగు గంటలు. చాలామంది ఒకరి సంగతి ఒకరు అప్పటికే తెలుసుకుని ఉంటారు. మీ ఆయనకి ఎన్నాళ్లయింది, నీళ్లు ఎన్ని తాగనిస్తున్నారు, ఉప్పు లేకుండా ఏం వండుతున్నావు అని. దానికి కాస్త రూపం ఇస్తే చాలు. వారంలో ఒక గంట, బెంచీలు గుండ్రంగా జరిపి, ఒక నర్సమ్మో ఆశా కార్యకర్తో ‘ఈ వారం ఎలా గడిచింది’ అని వంతులవారీగా అడిగితే, ఎవరింట్లో మందులు ఆపేశారో, ఎవరు చావు గురించి ఆలోచిస్తున్నారో, ఎవరి కొడుకు చదువు మానేసి వలస పోయాడో తెలుస్తుంది. ‘నాకే ఎందుకొచ్చింది’ అనే ప్రశ్నకు అక్కడా జవాబు దొరకదు. కానీ ఆ ప్రశ్నను ఒంటరిగా మోయనక్కర్లేదు.

ఆ ఉద్దానంలోనే 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో కొబ్బరి, జీడి తోటలను నేలకు వేసింది. నష్టపరిహారం చెట్టుకింత అని లెక్క కట్టారు, పంచారు. తాత నాటిన చెట్టు పోయిన దుఃఖానికి లెక్క లేదు కదా. కొబ్బరి మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లన్నీ ఆ మనుషులు ఏమనుకుంటూ బతికారో అడిగిన అధికారిని నేను చూడలేదు. అడిగింది సంఘాల చాపలే.

ఇప్పుడు ఆ చాపలు తగ్గుతున్నాయి. కిస్తీ ఫోనులో కడుతున్నారు. లెక్కలు ఫోనులో రాస్తున్నారు. దాని వల్ల మోసాలు తగ్గుతాయి, మంచిదే, నేను వద్దనను. కానీ కిస్తీ కట్టేశాను కదా, ఇక మీటింగు ఎందుకు అని సంఘాలే అనుకోవడం మొదలైంది. గ్రామ సమాఖ్య పనులు చూసే వీవోఏ ఇంటింటికీ వెళ్లి వేలిముద్ర తీసుకుని వచ్చేస్తోంది. రికార్డుల్లో మీటింగు జరిగినట్టే ఉంటుంది. సంఘంలో కొత్తగా చేరిన పాతికేళ్ల పిల్లలకు పక్క సభ్యురాలి పేరు తెలుసు, అప్పు ఎంతో తెలుసు, బెంగ ఏమిటో తెలియదు.

కాబట్టి సంఘం లీడర్లు వింటుంటే వాళ్లకు నా మనవి. వచ్చే మీటింగులో డబ్బు సంగతి ముందే ఫోనులో ముగించుకోండి, మంచిదే, ఆ మిగిలిన సమయం మాటలకు ఇవ్వండి. ఫోన్లు అన్నీ ఒక సంచిలో వేసి పక్కన పెట్టండి. సభ్యులు పదిహేను మంది దాటితే రెండు చాపలు వేయండి, ఎక్కువమందిలో వంతు రాదు. మొదటి మాట మీరే చెప్పండి, మీ ఇంటి నిజమైన కష్టం ఒకటి. లీడరు దాచుకుంటే మిగతావాళ్లు విప్పరు. ఎవరైనా ఏడిస్తే ఊరుకో ఊరుకో అని తొందరపెట్టకండి, ఏడవనివ్వండి. వంట్లో బాగోలేక రాలేని మనిషి ఇంటికి మర్నాడు ఇద్దరు వెళ్లి రండి. మొదటి రెండు నెలలు ఎవరూ ఏమీ మాట్లాడకపోవచ్చు. ‘అంతా బాగానే ఉంది’ అని వరసగా పన్నెండుమందీ దాటించేస్తారు. మూడో నెల కూడా అడగండి.

మగవాళ్లకు చెప్పేది ఇదే. యువజన సంఘం గదిలో క్యారమ్స్ బల్ల ఉంది, టీవీ ఉంది. నెలలో ఒక ఆదివారం పొద్దున్న, తాగని వేళ, వలస నుంచి వచ్చిన వాళ్లను పిలిచి టీ ఇచ్చి కూర్చోబెట్టండి. అక్కడ పని ఎలా ఉందిరా బావా, అన్న ఒక్క మాటతో మొదలుపెట్టండి. మధ్యలో ఎవరూ ఎగతాళి చేయకుండా చూసుకోండి.

చాప మీద తేలని కష్టాలు కూడా ఉంటాయి. ఎవరైనా చచ్చిపోవాలనిపిస్తోంది అంటే దాన్ని తేలిగ్గా తీసుకోకండి, ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవకు 14416 నంబరుకు ఫోను చేస్తే ఏ వేళైనా డబ్బు ఖర్చు లేకుండా తెలుగులో మాట్లాడతారు. ఆడవాళ్ల మీద దౌర్జన్యం జరుగుతుంటే 181కి చేయండి. ఈ రెండు నంబర్లూ మీ సంఘం రిజిస్టరు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసుకోండి. మళ్లీ చెబుతున్నాను, 14416, 181.